కన్వర్టర్ మార్చే ముందు అది ఎందుకు పాడైందో చూడాలి

ఖిలా వరంగల్: కూరగాయల గంపలు, పూల మూటలు బజారుకు చేరవేసే వ్యాన్లు, కీర్తి తోరణాలు చూడవచ్చేవారిని రైల్వే స్టేషన్ నుంచి తెచ్చి దింపే వ్యాన్లు, బడిపిల్లలను ఎక్కించుకునే వ్యాన్లు... కోట లోపలి ఊళ్లో చాలా ఇళ్లకు ఇలాంటి పాత పెట్రోలు బండే ఆధారం. ఆ బండి ఒకనాడు కోట ద్వారం మలుపు తిరిగి మెరక ఎక్కలేక మూలుగుతుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా చప్పుడే గాని వేగం రాదు. డాష్ బోర్డు మీద ఇంజన్ బొమ్మ పసుపురంగులో వెలుగుతుంది. "పికప్ లేదన్నా, బండి పొమ్మంటే పోతలేదు" అంటూ యజమాని షెడ్డుకు తోలుకుపోతాడు. సైలెన్సర్ గొట్టంలో ఉండే కన్వర్టర్ పోయిందని అక్కడ తేలుతుంది.

కంపెనీ సామాను ధర విన్నాక యజమాని గుండె జారుతుంది. పదేళ్లు దాటిన బండి వెలలో అదే పెద్ద భాగమవుతుంది. అప్పుడు అతని ముందు రెండు దారులు కనిపిస్తాయి. కన్వర్టర్ పీకేసి ఆ జాగాలో ఉత్త గొట్టం వెల్డింగు చేయించడం ఒకటి. బయటి కంపెనీ సరుకు తక్కువ ధరకు కొని ఇంటి దగ్గరే బిగించుకోవడం రెండోది. మోటారు విప్పి బిగించడం, ట్రాక్టరుకు ఆయిలు మార్చడం చేతనైన వాళ్లు ఊళ్లలో కొదవలేదు కనుక రెండో దారి అసాధ్యమేమీ కాదు. కాని ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది కూడా అక్కడే. బిగించడం చేతగాక కాదు, పాత కన్వర్టర్ ఎందుకు చచ్చిందో అడగకుండా కొత్తది తగిలించడం వల్ల.

తేనెపట్టులాంటి ఇటుక

కన్వర్టర్ అంటే స్టీలు డబ్బాలో బిగించిన పింగాణీ ఇటుక. దాన్ని అడ్డంగా చూస్తే తేనెపట్టులా వందలాది సన్న గదులు కనిపిస్తాయి. ఆ గదుల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాలను పలుచటి పూతగా పూస్తారు. మొత్తం కలిపినా కొద్ది గ్రాములే. ఇంజన్ నుంచి వచ్చే పొగ ఆ గదుల గుండా పోయేటప్పుడు ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ మామూలు బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి నీటి ఆవిరిగా, బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు విడిపోయి నైట్రోజన్ అవుతాయి. ఈ పనిలో లోహం మాత్రం ఖర్చు కాదు. పెరుగు తోడుకోవడానికి చెంచాడు తోడు చాలినట్టు, ఆ కొద్దిపాటి పూత ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

అమెరికాలో 1975 మోడల్ కార్లతో ఇది విరివిగా వచ్చింది. మన దేశంలో 1995 ఏప్రిల్ 1 నుంచి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు తప్పనిసరి చేశారు. అప్పటి పెట్రోలులో సీసం కలిపేవారు. సీసం ఆ పూత మీద పేరుకుంటే కన్వర్టర్ పనికిరాకుండా పోతుంది. అందువల్ల సీసం లేని పెట్రోలును కూడా అప్పుడే తెచ్చి, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సరఫరా చేశారు. 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు దేశమంతటికీ వచ్చాయి. ఇప్పుడు కోటలో తిరిగే పెట్రోలు కార్లలో, వ్యాన్లలో కన్వర్టర్ లేకుండా కంపెనీ గేటు దాటినవి దాదాపు లేవనే చెప్పాలి. డీజిలు బండ్ల సంగతి వేరు. వాటిలో మసిని పట్టే జల్లెడ వంటివి అదనంగా ఉంటాయి గనుక ఇక్కడ చెప్పేదంతా పెట్రోలు బండ్లకే.

చచ్చింది ఒకటి, చంపింది మరొకటి

కన్వర్టర్‌లో కదిలే భాగం లేదు. అరిగిపోయే పళ్లు లేవు. సక్రమంగా నడిచే ఇంజన్ వెనుక అది లక్ష కిలోమీటర్లు దాటి కూడా బతుకుతుంది. నడుమనే చచ్చిందంటే దానికి ముందున్నది ఏదో చంపిందని అర్థం.

వాటిలో మొదటిది మిస్సింగ్. ఒక ప్లగ్గు గాని, కాయిల్ గాని సరిగా పనిచేయకపోతే ఆ సిలిండర్‌లో పెట్రోలు కాలదు. పచ్చి పెట్రోలు గొట్టంలోకి పోయి, వేడెక్కి ఉన్న కన్వర్టర్ లోపల అంటుకుంటుంది. ఇటుక ఎర్రగా కాలి కరిగి ముద్దవుతుంది. గదులు మూసుకుపోతాయి, పొగ బయటికి పోదు, బండికి ఊపిరాడదు. ప్లగ్గుల ఖర్చుకు వెనకాడి మిస్సింగుతోనే నెలల తరబడి తోలే యజమాని చివరకు కన్వర్టర్ ఖర్చు కూడా భరిస్తాడు. ఇంజన్ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే అప్పుడే మిస్సింగ్ జరుగుతున్నదని, కన్వర్టర్ దెబ్బ తింటున్నదని బండి చెబుతున్నట్టు. ఆ లైటుకు టేపు అంటించి తోలేవారు కూడా ఉన్నారు!

రెండోది ఆయిలు. రింగులు అరిగి ఇంజన్ ఆయిలు తాగితే, అందులోని భాస్వరం, జింకు పూత మీద పొరలా కడతాయి. హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ లోపలికి కారినా ఇదే గతి. చవకగా దొరుకుతుందని కల్తీ పెట్రోలు పోయించుకుంటే చెప్పనక్కరలేదు.

మూడోది ఈ ఊరికే ఎక్కువగా వర్తిస్తుంది. కన్వర్టర్ చల్లగా ఉన్నప్పుడు పని చేయదు. దాదాపు 250 నుంచి 300 డిగ్రీల వేడి వచ్చాకే దానికి ప్రాణం వస్తుంది. కోట నుంచి వరంగల్ రైల్వే స్టేషన్ రెండు కిలోమీటర్ల దూరం. బండి స్టార్టు చేసి, స్టేషన్ దగ్గర ఆపి, అరగంట తరువాత మళ్లీ తిప్పుకొస్తే అది సరిగా వేడెక్కే లోపే ప్రయాణం ముగుస్తుంది. రోజంతా ఇలాంటి చిన్న తిరుగుళ్లే తిరిగే బండిలో నీరు, మసి పేరుకుంటాయి, గొట్టం లోపల్నుంచి తుప్పు పడుతుంది. అప్పుడప్పుడు హన్మకొండ దాటి ఏ ఇరవై ముప్పై కిలోమీటర్లో ఆగకుండా నడిపించడం బండికి మందు వంటిది.

నాలుగోది దెబ్బ. ఎత్తుగా పోసిన స్పీడ్ బ్రేకర్‌కు, బయటికి పొడుచుకొచ్చిన రాతికి అడుగు తగిలితే పైన స్టీలు సొట్టపడుతుంది, లోపల పింగాణీ పగులుతుంది. తరువాత బండి కింద గులకరాళ్లు కదిలినట్టు గలగలమంటుంది.

నిర్ధారణ లేకుండా కొనవద్దు

ఇంజన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టి చూడాలి. స్టీరింగ్ కింది సాకెట్‌కు తగిలించి సెల్‌ఫోనులో చూసుకునే చిన్న స్కానర్లు ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతున్నాయి. పీ0420 అనే నంబరు వస్తే కన్వర్టర్ పని తగ్గిందని కంప్యూటర్ అనుమానిస్తున్నట్టు. అనుమానమే గాని తీర్పు కాదు. అదే సమయంలో పీ0300 నుంచి పీ0304 వరకు ఏ నంబరైనా ఉంటే అది మిస్సింగ్. ముందు దాని పని చూడాలి.

కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. వేడెక్కిన బండిలో ముందు సెన్సర్ వోల్టేజి 0.1 నుంచి 0.9 వరకు ఎగిరి పడుతూ ఉంటుంది. కన్వర్టర్ బాగుంటే వెనక సెన్సర్ దాదాపు నిలకడగా 0.6, 0.7 దగ్గర నిలుస్తుంది. వెనకది కూడా ముందుదానిలాగే గంతులు వేస్తుంటే పూత చచ్చినట్టు. కొన్ని బండ్లలో ముందు సెన్సర్ వేరే రకం ఉండి అంకెలు వేరుగా వస్తాయి. వెనకది నిలకడగా ఉన్నదా లేదా అన్నదే అక్కడ కూడా చూడవలసింది. గొట్టం కీళ్ల దగ్గర పొగ లీకైనా, సెన్సర్ పాడైనా, దాని తీగ కాలినా ఇదే నంబరు వస్తుంది. గాస్కెట్ మార్చితే పోయే దానికి కన్వర్టర్ కొన్నవాళ్లు ఉన్నారు.

మూసుకుపోయిందా అని తెలుసుకోవడానికి షెడ్లలో ఒక పాత పద్ధతి ఉంది. చల్లారిన బండికి ముందు సెన్సర్ విప్పి, ఆ రంధ్రం తెరిచి ఉంచి ఇంజన్ తిప్పి చూస్తారు. బండి ఒక్కసారిగా చురుకైతే వెనక దారి మూసుకుపోయినట్టే. చప్పుడు చెవులు చిల్లులు పడేలా వస్తుంది, వేడి పొగ చిమ్ముతుంది. ఆరుబయటనే చేయాలి, చెయ్యి, ముఖం దగ్గర పెట్టరాదు, ఇంజన్ ఒక్క నిమిషానికి మించి తిప్పరాదు.

బయటి సరుకు కొనేటప్పుడు

బయటి కంపెనీ సరుకంతా చెత్త అనడం న్యాయం కాదు. అయితే పైకి ఒకే రకంగా కనిపించే డబ్బాల్లో లోపలి ఇటుక పొడవు, పూత మందం వేర్వేరు. ధర తగ్గేదల్లా ఆ లోహం తగ్గడం వల్లే. తూకంలో మోసం కళ్లకు కనిపిస్తుంది, పూతలో మోసం కనిపించదు. ఏడాది తిరగకుండానే మళ్లీ లైటు వెలిగినప్పుడు తెలుస్తుంది. అమెరికాలో కూడా ఇదే తేడా చట్టంలో కనిపిస్తుంది. కొత్త కారుతో వచ్చిన కన్వర్టర్‌కు అక్కడ 8 ఏళ్లు లేదా 80,000 మైళ్ల హామీ ఉంటే, బయటి కంపెనీ కన్వర్టర్ పనితీరుకు ఇవ్వవలసిన హామీ 25,000 మైళ్లే.

కొనేవారు బండి పేరు, తయారైన సంవత్సరం, బీఎస్ దశ బిల్లు మీద రాయించుకోవాలి. బీఎస్-4 బండికి బీఎస్-2 నాటి కన్వర్టర్ అంటగడితే చప్పుడు మారదు గాని పరీక్షలో దొరికిపోతుంది. రెండు చివరల నుంచి టార్చి వేసి చూసి లోపల ఇటుక నిండుగా ఉన్నదా, పగుళ్లున్నాయా చూడాలి. సెన్సర్ రంధ్రాలు, అంచు పలకల బోల్టు రంధ్రాలు పాతదానితో సరిపోవాలి. కొన్ని చిన్న కార్లలో కన్వర్టర్ ఇంజన్‌కు ఆనుకుని మానిఫోల్డుతో కలిసే ఉంటుంది. అలాంటిది ఇంటి దగ్గర విప్పే పని పెట్టుకోకపోవడమే మంచిది. ఈకో వంటి వ్యాన్లలో అది అడుగున గొట్టంలో ఉంటుంది గనుక పని సులువు.

జాకీని నమ్మి దూరరాదు

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పుకోవాలి. ఈకో వ్యాను బరువు 900 కిలోలకు పైమాటే. బండితో వచ్చిన జాకీ చక్రం మార్చడానికే గాని కింద మనిషి పడుకోవడానికి కాదు. మట్టి నేల మీద అది ఒక పక్కకు ఒరుగుతుంది, ఒరిగితే పక్కకు జరిగే వ్యవధి ఉండదు. సిమెంటు గచ్చు గాని, గట్టి బండల నేల గాని చూసుకుని, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు గాని కట్టెదిమ్మెలు గాని పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇనుప స్టాండ్ల మీద బండిని నిలబెట్టాలి. స్టాండ్లు షెడ్డులో అద్దెకైనా తెచ్చుకోవచ్చు. ఇటుకలు పేర్చడం మాత్రం వద్దు, ఇటుక చెప్పకుండా పగులుతుంది. ఇంట్లో ఇంకొక మనిషి దగ్గర ఉండాలి, పిల్లలు ఉండరాదు.

పని ముందురోజు రాత్రే మొదలవుతుంది. చల్లారిన బండి కింద తుప్పు పట్టిన నట్లన్నిటికీ తుప్పు వదిలించే ఆయిలు కొట్టి వదిలేయాలి. తెల్లవారి మరోసారి కొట్టాలి. బ్యాటరీ మైనస్ తీగ విప్పాలి. సెన్సర్లను విప్పేటప్పుడు ముందు వాటి ప్లగ్గు ఊడదీయాలి, తీగ పట్టి లాగరాదు. సెన్సర్‌కు సాధారణంగా 22 నంబరు పానా పడుతుంది. తీగ పోవడానికి పక్కన చీలిక ఉన్న సాకెట్ ఉంటే మేలు. నట్టు రానప్పుడు బలం చూపితే బోల్టు తెగుతుంది. కొంచెం బిగించి, కొంచెం వదిలి, మళ్లీ ఆయిలు కొట్టి ఓపికగా తిప్పాలి. చివరి బోల్టు తీసేటప్పుడు గొట్టం మీద పడకుండా కింద దిమ్మె పెట్టాలి. కళ్లకు అద్దాలు లేకపోతే తుప్పు పొడి కంట్లో పడుతుంది, ఆ తరువాత పని సగంలో ఆగుతుంది.

కొత్తదాన్ని డబ్బా మీది బాణం గుర్తు వెనక్కి, అంటే పొగ పోయే వైపు చూసేలా పెట్టాలి. గాస్కెట్లు, నట్లు కొత్తవే వేయాలి. అన్ని బోల్టులూ చేత్తో పట్టించి, గొట్టం రబ్బరు వేళ్లలో సరిగా కూర్చున్నాకే ఒక్కో పక్క సమంగా బిగించాలి. సిలికాన్ పేస్టు దట్టంగా పూసే అలవాటు ఇక్కడ కూడదు. అది సెన్సర్‌ను, కన్వర్టర్ పూతను పాడు చేస్తుంది. సెన్సర్ మరకు రాసే మందు కూడా కొనకు అంటకుండా మర మీదే రాయాలి. పొగ వేడి తగలకుండా కంపెనీ బిగించిన రేకును చాలామంది అవతల పారేస్తారు. దాన్ని తప్పక మళ్లీ బిగించాలి. ఎందుకో కిందట చదవగలరు.

ఆరుబయట స్టార్టు చేసిన తరువాత కొద్ది నిమిషాలు నూనె మరకలు కాలి పొగ రావడం సహజమే. ఇంజన్ ఇంకా చల్లగా ఉండగానే కీళ్ల మీద సబ్బు నీళ్లు చల్లితే బుడగలు వచ్చిన చోటే లీకు. లీకు ఉంటే బండిని తిరుగుళ్లకు వాడరాదు. ఈకోలో ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది, సైలెన్సర్ గొట్టం జనం కూర్చున్న అడుగునే పోతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. అది రక్తంలోని ఎర్రకణాలను పట్టుకుని ఊపిరి అందనివ్వదు. అద్దాలు వేసుకుని బడికి పోయే పిల్లలకు ముందుగా వచ్చేది తలనొప్పి, వాంతి, మగత. బండెక్కితే వాంతి సహజమేనని తల్లిదండ్రులు ఊరుకుంటారు. ఒకే వ్యానులో పిల్లలందరికీ తలనొప్పి వస్తున్నదంటే ఆ బండి గొట్టాన్ని ఆ పూటే చూపించాలి. కన్వర్టర్ పీకేసి ఉత్త గొట్టం పెట్టిన బండిలో ఈ విషవాయువు తగ్గించేదే లేదు. చిన్న లీకు కూడా పెద్ద ప్రమాదం కావచ్చు.

పీకేస్తే చట్టం ఏమంటుంది

ఉత్త గొట్టం పెడితే మైలేజీ పెరుగుతుందని ప్రచారం ఉంది. మూసుకుపోయిన కన్వర్టర్ తీసేస్తే పికప్ వచ్చేది నిజమే, అది అడ్డం పోయినందున వచ్చిందే గాని కన్వర్టర్ లేనందున కాదు. బాగున్న కన్వర్టర్ పెట్టినా అంతే వస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని యజమాని ఇష్టం వచ్చినట్టు మార్చరాదు. 2019లో చేర్చిన 182-ఏ సెక్షన్‌లో అలాంటి ఒక్కొక్క మార్పుకు ఆరు నెలల వరకు జైలు గాని, రు. 5,000 జరిమానా గాని, రెండూ గాని రాసి ఉంది.

పొగ పరీక్ష సంగతీ అంతే. బీఎస్-4, బీఎస్-6 పెట్రోలు కార్లలో ఇంజన్ నిదానంగా తిరిగేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించరాదు. బీఎస్-2, బీఎస్-3 వాటికి 0.5 శాతం, 750 వరకు అనుమతి. గొట్టంలో పరికరం పెట్టకుండానే చీటీ రాసిచ్చే చోటికి పోతే యజమానికి చీటీ దక్కుతుంది గాని తన బండి సంగతి తెలియదు. కన్వర్టర్ మార్చినవాడికి ఆ పరీక్షే అన్నిటికన్నా చవకైన తనిఖీ. బండి బాగా వేడెక్కాకే పరికరం పెట్టించాలి. చల్లటి బండి మంచి కన్వర్టర్ ఉన్నా తప్పుతుంది.

పాతదాని మీద కన్ను, గడ్డి మీద జాగ్రత్త

విప్పిన పాత కన్వర్టర్‌ను ఇనుప సామాను వాడికి కిలోల లెక్కన వేయరాదు. పూత చచ్చినా లోహం అందులోనే ఉంటుంది. రోడియం ధర 2021లో ప్రపంచ మార్కెట్‌లో ఔన్సుకు 20,000 డాలర్లు దాటింది. ఆ రోజుల్లోనే గుజరాత్, మహారాష్ట్రల్లో రాత్రిపూట ఈకో వ్యాన్ల సైలెన్సర్లు ఎత్తుకుపోయే ముఠాలు బయలుదేరాయి. కాలిఫోర్నియాలో ఉంటున్న మన జిల్లా పిల్లలను అడిగినా ప్రియస్ కారు కన్వర్టర్ దొంగల సంగతి చెబుతారు. బండి అడుగున దూరి నాలుగు బోల్టులు విప్పడం నిమిషాల పని గనుక వ్యానును గోడకు ఆనించి, వెలుతురు ఉన్న చోట నిలపడం మేలు. పాతదాన్ని ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారులకు చూపి, బిల్లు తీసుకుని అమ్మాలి. ఇంట్లో పగలగొట్టి పొడి చేయడం అసలే పనికిరాదు, ఆ పింగాణీ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

ఇక వేడిరేకు సంగతి. పనిచేసే కన్వర్టర్ పైభాగం వందల డిగ్రీల వేడెక్కుతుంది. వరి కోతల కాలంలో రోడ్ల మీద గడ్డి పరచడం, ఉలవ చెత్త, కంది కట్టె బండ్ల కింద తొక్కించడం జిల్లాలో మామూలే. ఆ గడ్డి బండి అడుగున చుట్టుకుంటే కొద్ది దూరం పోయాక అంటుకుంటుంది. రేకు లేని బండిలో మరీ త్వరగా అంటుకుంటుంది. గడ్డి మీదుగా వచ్చిన బండిని వాము పక్కన గాని, కళ్లంలో గాని నిలపరాదు. కాస్త ముందుకు పోయి, ఖాళీ జాగాలో ఆపి, వంగి అడుగు చూసి, చిక్కుకున్న గడ్డిని కర్రతో లాగేయాలి. చేత్తో కాదు.